కాపురస్తురాలు

పులుసు గుండిగ మీద మూత, మూత మీద రాయి, రాయి మీద ఫిలోమినా చెయ్యి. మాచర్లలో జీపు కదిలిన దగ్గర్నుంచి ప్రాజెక్టు క్యాంపు వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడ్నుంచి కదలదు. ముర్తుజా ఎంత నిదానంగా నడిపినా ఆ రోడ్డు మీది గుంటలకు నిదానమంటే తెలియదు. మొదట్లో రోజూ సగం పులుసు ఆమె చీరే తాగేది. రాయి పెట్టడం నేర్చుకున్నాక చీరకూ మేలు జరిగింది, కూలీలకూ మేలు జరిగింది.

యుద్ధం అయిపోయాక సైన్యం వాళ్ళు వేలం వేసిన జీపు అది. వెనక సీట్లు పీకించి చెక్కలు కొట్టించింది. ఒక పక్క తెల్లగుడ్డ కప్పిన అన్నం గంపలు, ఒక పక్క పప్పు, పులుసు గుండిగలు, మధ్యలో మజ్జిగ కుండలు, వాటిని ఒరుసుకుని ఆమె. కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై ఇంకా ఏడాది తిరగలేదు. రాళ్ళు కొట్టేవాళ్ళు, మట్టి మోసేవాళ్ళు, బొల్లాపల్లి వైపు నుంచి వానలు లేక వచ్చినవాళ్ళు ఆ గుట్టల్లో వందల మంది ఉన్నారు. వాళ్ళలో వండి పెట్టే మనిషి లేని మగవాళ్ళకు మధ్యాహ్నం అన్నం ఫిలోమినాది. పొద్దున్నే వండి, వేడి తగ్గకముందే తీసుకెళ్ళి పెట్టడంలోనే ఉంది ఆ వ్యాపారమంతా. జీపు లేకపోతే ఆ వేడీ లేదు, వ్యాపారమూ లేదు.

ఆ సోమవారం ఊరి చివర పశువుల ఆసుపత్రి దగ్గర రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. గోడ నీడలో కుర్చీ వేసుకుని బ్రేకినస్పెక్టరు రామబ్రహ్మం కూర్చున్నాడు. మోటారు బళ్ళు తనిఖీ చేసే అధికారిని ఆ వైపు అందరూ అలాగే అంటారు. నెలకోసారి వచ్చి ముసాఫరు బంగళాలో దిగి, నాలుగు రోజులు బళ్ళవాళ్ళకు నిద్ర లేకుండా చేసి వెళ్తాడు.

జీపు ముందు ఒక నల్లకారు ఉంది. ఆసామీ గోపాలకృష్ణయ్య అల్లుడు శేషావతారానిది. కారును చూడగానే బంట్రోతు తాడు దించి సలాము కొట్టాడు. కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. వెంటనే తాడు మళ్ళీ పైకి లేచింది.

"ఎవరిది బండి?" అన్నాడు రామబ్రహ్మం.

"నాదేనండి," అంది ఫిలోమినా, రాయి మీద చెయ్యి తియ్యకుండా.

"నీదంటే? మీ ఆయన పేరేమిటి?"

"బండి నా పేరు మీదే ఉందండి. కాయితం చూడండి."

ముర్తుజా దిగి కాయితం ఇచ్చాడు. రామబ్రహ్మం దాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. తర్వాత జీపు ముందున్న నంబరు చూశాడు.

"హైదరాబాదు నంబరు. కాపురం ఎక్కడ?"

కచేరీ వాళ్ళకు ఆ మాట మామూలు మాట. దస్తావేజుల్లో ఊరి పేరు పక్కన రాసుకునే మాట. ఎక్కడుంటావని అడగడం తప్ప ఆయన మనసులో ఇంకేమీ లేదు. కానీ ఏడాదిన్నరగా ఆ ఒక్క మాట ఎవరి నోట వస్తుందోనని తల వంచుకు తిరుగుతున్న మనిషికి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఫిలోమినా గుండిగ మీది రాయి సర్దింది.

"మిర్యాలగూడెం సార్," అన్నాడు ముర్తుజా. జీపుతో పాటే నది దాటి వచ్చిన మనిషి. ఆమె అన్నా అని పిలుస్తుంది. "తల్లిగారింటికొచ్చింది. మల్ల పోతది."

"ఎప్పుడొచ్చింది?"

ముర్తుజా ఆలోచించేలోగా బంట్రోతు నవ్వాడు. "పోయినేడు ఎండాకాలం నుంచీ ఈడనే ఉందిగదండీ. మా బామ్మర్ది ప్రాజెక్టులో ఈమె కూడే తింటాడు."

రామబ్రహ్మం చెడ్డవాడు కాదు. రూలును పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఏటికి అవతల హైదరాబాదు రాష్ట్రం; పరాయి రాష్ట్రం బండి ఇక్కడ తిరగొచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ బండి అయితే అడిగేవాడు లేడు. ఇక్కడే కాపురం పెట్టి ఏడాది దాటితే మాత్రం ఇక్కడి నంబరు వేయించుకోవాలి.

"గురువారం బంగళాకి రా. కాపురం అక్కడే అంటావా, మీ ఆయనో నువ్వో ఆ మాట చెప్పి రాయించి, బండి ఏరు దాటించెయ్యి. ఇక్కడే అంటావా, జరిమానా కట్టు. గుంటూరు నుంచి కొత్త నంబరు వచ్చేదాకా బండి బంగళాలోనే ఉంటుంది."

"ఎన్నాళ్ళకి వస్తదండీ నంబరు?"

"వచ్చినప్పుడు వస్తుంది."

ఫిలోమినా కారు వెళ్ళిన వైపు చూసింది. దుమ్ము ఇంకా పూర్తిగా అణగలేదు.

"ఇప్పుడు పోయిన కారుక్కూడా హైదరాబాదు నంబరే గదండీ."

"అది గోపాలకృష్ణయ్య గారి అల్లుడి కారు," అన్నాడు రామబ్రహ్మం. ఆ మాటతో సంగతంతా చెప్పేశాననే అనుకున్నాడు. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ గుండిగలు చల్లారుతున్నాయి. "వాళ్ళు ఆకలి మీద ఉంటారండీ. ఈ పూటకి పెట్టొచ్చి బండి మీకు అప్పజెప్తా," అంది. రామబ్రహ్మం బంట్రోతును ముందు సీట్లో ఎక్కించి పంపాడు. బంట్రోతు అక్కడ బామ్మర్ది పక్కన కూర్చుని రెండుసార్లు పులుసు పోయించుకుని తిన్నాడు. సాయంత్రం జీపును బంగళా ఆవరణలో పెట్టించి తాళంచెవి పట్టుకుపోయాడు.

*

ఫిలోమినా రేకుపెట్టె ఇప్పటికీ వసారాలోనే ఉంది. వచ్చిన రోజు దాన్ని లోపల పెట్టబోతే తల్లి పాపమ్మ పెట్టనివ్వలేదు. దారిన పోయేవాళ్ళకు కనబడేలా గోడవార పెట్టించింది. చీర కావాలంటే వసారాలోకొచ్చి తీసుకోవాలి. తీసుకోగానే పాపమ్మ వచ్చి మళ్ళీ తాళం వేస్తుంది. సర్దిన పెట్టె కళ్ళెదురుగా ఉంటే మనిషి వెళ్ళబోతున్నట్టే లెక్క అని ఆమె నమ్మకం.

ఎవరైనా అడిగితే, "అల్లుడు పనుల్లో ఉన్నాడు, క్రిస్మసుకి వచ్చి తీసుకుపోతాడు" అనేది. క్రిస్మసు వెళ్ళాక, తపస్సు రోజుల్లో ప్రయాణాలెందుకు, పాస్కా పండక్కి, అంటే ఈస్టరుకి, వస్తాడంది. పాస్కా వెళ్ళింది, మరియమాత పండగ వెళ్ళింది. ఇప్పుడు సకల పునీతుల పండగ మీదికి నెట్టింది. ఇలా దేవుడి పండగలన్నీ అల్లుడి కోసం ఖర్చు చేసేసింది పాపమ్మ. ఆ అల్లుడు ఇన్నయ్య ఇంట్లో ఇంకొకామె ఉందనీ, ఫిలోమినా జీపును బల్లకట్టు మీదికి ఎక్కించుకుని కృష్ణ దాటి వచ్చేసిందనీ పేటంతా తెలుసు. తెలిసి కూడా వింటారు. పాపమ్మ చెప్పినప్పుడల్లా తలలు ఊపుతారు. అదొక మర్యాద.

"అక్కడే అని చెప్పవే," అంది పాపమ్మ ఆ రాత్రి అన్నాలప్పుడు. "నీదేం పోయింది? ఊరందరికీ నేను చెప్పేదీ అదే గదా. నా మాట అబద్ధం కాకుండా పోద్ది, నీ బండీ నీకొస్తది."

"అక్కడంటే బండిని ఏరు దాటించమన్నాడమ్మా."

"ఏడ దాటిస్తాం? రెండు రోజులు ఎవరి కొట్టంలోనో పెడితే సరి. ఆయన మళ్ళీ నెలకి గదా వచ్చేది."

ముర్తుజా అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. "పెద్దమ్మ జెప్పింది నిజమే," అన్నాడు. "వచ్చే నెల ఒకటో తారీకుకి అవతలా ఇవతలా ఒకటే సర్కారంట. అందరు అంటున్నరు. గప్పుడు హైదరాబాదు నంబరేంది, గుంటూరు నంబరేంది. అన్నీ మనయే. గీ వారం రోజులకు ఒక్క అబద్ధమాడితే ఏమైతదమ్మా?"

ఏమీ కాదు. ఆ సంగతి ఫిలోమినాకూ తెలుసు. అంత చవకగా దొరికే అబద్ధం రోజూ దొరకదు. ఆమె లేచి చెయ్యి కడుక్కుంది.

మంగళవారం కోడి కూయకముందే పొయ్యిలు వెలిగించారు. వంటకు సాయం వచ్చే మణెమ్మ తన ఎడ్లబండి తోలుకొచ్చింది. గంపలు, గుండిగలు సర్ది, రాయి మీద చెయ్యి పెట్టి కూర్చుంది ఫిలోమినా. ఎత్తు వచ్చినచోటల్లా దిగి బండి వెనక నడిచింది. వాళ్ళు క్యాంపు చేరేసరికి కూలీలు తినాల్సిన వేళ దాటిపోయింది. సగం మంది అటుకులు నానబెట్టుకుని తినేసి పనిలోకి పోయారు. మిగిలినవాళ్ళు వచ్చి కూర్చున్నారు. పప్పు చల్లారి గట్టిపడి గరిటెకు అంటుకుంటోంది. వేడినీళ్ళు పోసి కలిపి వడ్డించింది. ఎవరూ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది.

మేస్త్రీ పున్నయ్య ఒక్కడే నోరు విప్పాడు. "నీ చేతి కూటికి వంక పెట్టను ఫిలోమినమ్మా. కానీ వేళకి రాకపోతే నా పని ఆగుద్ది. నరసరావుపేట ఆయనొకడు వచ్చి ఇక్కడే పాక వేసి వండుతానంటున్నాడు. శనివారం దాకా ఆపుతా. ఆ పైన నన్నేం అనొద్దు."

"శనివారానికి జీపు వస్తది," అంది ఆమె. ఎలా వస్తుందో ఆమెకే తెలియదు.

బుధవారం కూడా అంతే. సాయంత్రం ఇంటికొచ్చి, ఒళ్ళు నొప్పులతోనే మర్నాటి బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఏరుతూ ఏరుతూ పెదాలు కదిపింది. "మిర్యాలగూడెమండి. తల్లిగారింటికి వచ్చానండి." ఒక రాయి తీసి అవతల పారేసింది. "మిర్యాలగూడెమండి." మాట తేలిగ్గానే వస్తోంది. ఏడాదిన్నరగా తల్లి చెబుతుంటే విన్న మాటే. పున్నయ్య మొహం, గరిటెకు అంటుకున్న పప్పు గుర్తొచ్చాయి. రేపు ఇదే చెప్పాలని నిశ్చయించుకుంది. చెప్పి, బండి తెచ్చుకుని, శనివారం వేడివేడిగా పులుసు పోయాలి. అంతకంటే ఇప్పుడు ఏమీ వద్దనుకుంది.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

*

ఇన్నయ్య తెల్లబట్టల్లో వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆయన అరిచి ఉంటే ఫిలోమినా ఏడేళ్ళు ఆగేది కాదు, మొదటేడే ఏరు దాటేది. నెమ్మదిగా మాట్లాడుతూనే మనిషిని కుర్చీని జరిపినట్టు పక్కకు జరిపేస్తాడు.

పాపమ్మ కంగారుగా కాళ్ళకు నీళ్ళిచ్చింది. కుర్చీ తేబోతే అక్కర్లేదని రేకుపెట్టె మీదే కూర్చున్నాడు. కూర్చుని అరచేత్తో దాని మూత మీద రెండుసార్లు తట్టాడు.

"పెట్టె సర్దే ఉంచారే," అన్నాడు.

పాపమ్మ సంతోషంతో తల ఊపింది. ఫిలోమినా చేటలోంచి తల ఎత్తలేదు.

"రేపు నేనొచ్చి చెప్తా. నా భార్య, నా ఇంట్లోనే కాపురం, తల్లిని చూడ్డానికి వచ్చిందని. బండి వదిలేస్తాడు."

"మీకెట్లా తెలిసింది?" అంది ఫిలోమినా.

"నాకు తెలవకేం. బ్రేకినస్పెక్టరు చెవిన వేయించిందే నేనైతే." అందులో దాచుకోవాల్సిందేమీ ఉన్నట్టు ఆయనకు తోచలేదు. "అవతలి గట్టున కంకర కాంట్రాక్టు వచ్చింది నాకు. బండి లేనిదే కుదరదు. మనిషిని పంపి అడిగిస్తే నువ్విస్తావా? అందుకని."

"బండి మీకిచ్చాక నేనేం చెయ్యాలి?"

"రా. వద్దన్నానా? ఆమె ఉంటది, నువ్వూ ఉంటావు. ఇల్లు పెద్దదే. రానంటే నీ ఇష్టం, ఇక్కడే ఉండు. అడిగినోళ్ళకి చుట్టపుచూపుగా వచ్చావని మీ అమ్మ ఎట్లాగూ చెప్తది గదా." ఆ మాట అని పాపమ్మ వైపు చూసి చిన్నగా నవ్వాడు.

పాపమ్మ మొహంలో సంతోషం ఆగిపోయింది. ఆమె లోపలికి వెళ్ళి అల్లుడికి అన్నం పెట్టింది. కోడిగుడ్లు వేయించి పెట్టింది. ఆయన మెచ్చుకుంటూ తిన్నాడు. ఫిలోమినా వడ్డించలేదు. వసారాలో దీపం దగ్గర బియ్యం ఏరుతూనే ఉంది. పెదాలు మాత్రం కదపడం మానేసింది. ఏడాదిన్నరగా తల్లి ఆడుతున్న అబద్ధం తన పరువు కాపాడుతోందనుకుంది. అది ఇన్నాళ్ళూ ఇన్నయ్య కోసం కుర్చీ వేసి ఉంచిందని ఆ పూటే అర్థమైంది.

*

గురువారం బంగళా వరండాలో రామబ్రహ్మం బల్ల ముందు కూర్చున్నాడు. పక్కన గుమాస్తా. ఇంకో పక్క పడకకుర్చీలో గోపాలకృష్ణయ్య. అధికారులు ఎవరొచ్చినా ఆయన ఇంటి నుంచే కాఫీ వస్తుంది, కాఫీతో పాటు ఆయనా వస్తాడు. వెనక స్తంభానికి ఆనుకుని అల్లుడు శేషావతారం నిలబడి ఉన్నాడు. మామగారిని కారులో దించి, మళ్ళీ ఎక్కించుకోవడానికి ఆగాడు.

శేషావతారం ఆ ఇంటికి ఇల్లరికం వచ్చి మూడేళ్ళయింది. ఇల్లరికమని ఎవరూ అనరు. బజార్లో కనబడితే, "ఎప్పుడొచ్చారు బాబూ?" అంటారు. ఆయన "నిన్ననే" అంటాడు. మర్నాడు వాళ్ళే మళ్ళీ అడుగుతారు, ఆయన మళ్ళీ నిన్ననే అంటాడు. మూడేళ్ళుగా ఆ మనిషి మాచర్లకు నిన్ననే వస్తున్నాడు.

ఇన్నయ్య చేతులు కట్టుకుని చెప్పాల్సింది చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. రాసింది పైకి చదివాడు.

"నల్లగొండ జిల్లా మిర్యాలగూడెం కాపురస్తుడు ఇన్నయ్య భార్య, సదరు గ్రామ కాపురస్తురాలు ఫిలోమినా, మాచర్లలో తన తల్లి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి యున్నందున…"

"వేలిముద్ర వెయ్యమ్మా," అన్నాడు రామబ్రహ్మం.

"సంతకం వచ్చండి," అంది ఫిలోమినా. కలం తీసుకుంది. తీసుకుని సంతకం పెట్టకుండా నిలబడింది. ఆవరణలో జీపు కనబడుతోంది. వెనక చెక్కల మీద సోమవారం నాటి పులుసు మరక ఎండి ఉంది. మెట్ల కింద పాపమ్మ, ముర్తుజా నిలబడి ఉన్నారు.

"ఇది తప్పు రాశారండి. కొట్టెయ్యండి."

గుమాస్తా అధికారి వైపు చూశాడు.

"నా కాపురం మిర్యాలగూడెం కాదు. మాచర్ల. పోయినేడు పాస్కా పండగ నుంచీ ఇక్కడే. చుట్టపుచూపుకి రాలా. తిరిగి పోను."

మెట్ల కింద పాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే," అన్నాడు ఇన్నయ్య, అదే నెమ్మదితో. "నలుగురిలో ఆ మాటన్నాక ఇంక నా గడప తొక్కలేవు. తెలిసే అంటున్నావా?"

"తొక్కనని చెప్పడానికే వచ్చా."

"బండి నాది. నా డబ్బు."

"నా గాజులమ్మి కొన్న బండి. సరే, మీ డబ్బే అనుకోండి. మీ అన్నదమ్ములకి భాగమియ్యాల్సొస్తదని దీన్ని నా పేర పెట్టించింది ఎవరు? ఇది నా భార్యది, నాకేం సంబంధం లేదని పెద్దమనుషుల ముందు ప్రమాణం చేసింది ఎవరు? ఆ పూట మీరన్నదే నేనూ అంటున్నా."

ఇన్నయ్య కట్టుకున్న చేతులు విప్పాడు. గోపాలకృష్ణయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఊళ్ళో ఎవరి తగాదా అయినా ఆయన గొంతు సవరించుకుంటే సగం తీరిపోతుందని పేరు.

"అమ్మాయ్, కోపంలో అనే మాటలు కావివి. ఆడపిల్ల పుట్టింట్లో ఉంటే దాన్ని కాపురమంటారా ఎక్కడన్నా? వచ్చి ఉంది అంటారు. ఇన్‌స్పెక్టరు గారూ, ఆ మాట రాయకండి. మొదట రాసిందే ఉంచండి."

"ఏమంటే ఏందండీ," అంది ఫిలోమినా. "పొద్దున లేచి పొయ్యి నేనే వెలిగిస్తున్నా. కట్టెలు, బియ్యం నేనే కొంటున్నా. మా అమ్మకి ఒంట్లో బాగోకపోతే మందు నేనే తెస్తున్నా. క్యాంపులో అంతమందికి నేను పెడుతున్నా. రాత్రికి వచ్చి ఇక్కడే పడుకుంటున్నా. ఇది కాపురం కాకపోతే ఇంకేందో మీరే చెప్పండి, అదే రాయిస్తా."

గోపాలకృష్ణయ్య మళ్ళీ కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"పుట్టింట్లో ఉంటే కాపురం కాదన్నారు. మరి అత్తారింట్లో ఉంటే అవుద్దాండీ?" స్తంభం వైపు చూసింది. "ఈ బాబుగారి కారుక్కూడా ఇదే నంబరు. సోమవారం నా కళ్ళ ముందే తాడు దించారు. నన్ను అడిగిన మాట ఆయన్నీ అడగండి. ఆయన ఏం చెప్తే అది. నా జరిమానా మటుకు రాసెయ్యండి."

రామబ్రహ్మం మొహం ఎర్రబడింది. అడగకుండా ఊరుకుందామంటే వరండా నిండా జనం ఉన్నారు. బళ్ళవాళ్ళు ఉన్నారు, లారీల వాళ్ళు ఉన్నారు, మెట్ల మీద నవ్వు ఆపుకుంటున్న బంట్రోతు ఉన్నాడు.

"మా అల్లుడు వస్తూ పోతూ ఉంటాడు," అన్నాడు గోపాలకృష్ణయ్య గట్టిగా.

శేషావతారం ఆ మాట మూడేళ్ళలో ఎన్నిసార్లు విన్నాడో. ప్రతిసారీ నేల చూసేవాడు. ఈసారి కూడా నేలే చూశాడు. తర్వాత జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. నడిచి వచ్చి బల్ల మీద, గుమాస్తా కాయితం పక్కన పెట్టాడు.

"నాదీ ఇక్కడేనండి," అన్నాడు. "రాసుకోండి."

మామ అల్లుడి వైపు చూశాడు. అల్లుడు మళ్ళీ స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి ఆనుకోలేదు.

రామబ్రహ్మం కాసేపు రూల్సు పుస్తకం తిరగేశాడు. ఇప్పుడు జీపును ఆపితే కారునూ ఆపాలి. కారును ఆపితే పెద్దాయన ఇంటికి నడిచి వెళ్ళాలి. పుస్తకంలో ఏం కనబడిందో గానీ, తల ఎత్తి సన్నగా దగ్గాడు. కొత్త నంబరుకు అర్జీ పెట్టుకుని జరిమానా కట్టిన రసీదు దగ్గరుంటే, నంబరు వచ్చేదాకా బండి తిప్పుకోవచ్చట. అలా తిప్పుకోనిచ్చే అధికారం తనకు ఉందట. సోమవారం నాడు ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు. ఎడ్ల వెనక రెండు రోజులు నడిచిన కాళ్ళకు అది ఇప్పుడు తెలిసింది. ఫిలోమినా ఒక్క క్షణం ఆయన మొహంలోకే చూసింది. ఆయన కలానికి సిరా ఉందో లేదో చూసుకుంటున్నాడు.

గుమాస్తా కొత్త కాయితం తీశాడు. "ఇన్నయ్య భార్య…" అని మొదలుపెట్టాడు.

"పాపమ్మ కూతురు అని రాయండి," అంది ఫిలోమినా.

"తల్లి పేరు రాయరమ్మా. తండ్రి పేరు చెప్పు."

"జక్కయ్య. ఆయన పోయాడు. పోయినాయన పేరు రాస్తారు గానీ ఉన్నామె పేరు రాయరా?"

గుమాస్తాకు అప్పటికే తల తిరిగి ఉంది. ఇంకో తగాదా పెట్టుకునే ఓపిక లేక రెండూ రాశాడు. రాసింది చదివాడు: "కీర్తిశేషులు జక్కయ్య, పాపమ్మల కూతురు, గుంటూరు జిల్లా మాచర్ల గ్రామ కాపురస్తురాలు ఫిలోమినా."

ఆమె సంతకం పెట్టింది. అక్షరాలు కొంచెం పెద్దవిగా పడ్డాయి.

జరిమానా కట్టి, రసీదూ తాళంచెవీ తీసుకుని మెట్లు దిగుతుంటే ఇన్నయ్య పక్కకు తప్పుకున్నాడు. ఆయన తప్పుకుని దారి ఇవ్వడం ఆమె అంతకు ముందు చూడలేదు. ముర్తుజా జీపు స్టార్టు చేస్తుంటే శేషావతారం కారు పక్కనుంచి వెళ్ళింది. లోపల మామా అల్లుళ్ళు చెరోవైపు చూస్తున్నారు. పాపమ్మ జీపు ఎక్కలేదు. ఎండలో, తల మీద కొంగు కప్పుకుని, ఎవరినీ చూడకుండా ఇంటికి నడిచిపోయింది.

*

ఆ రోజూ, మర్నాడూ పాపమ్మ కూతురితో మాట్లాడలేదు. గడువు పెట్టిన శనివారం నాడూ పులుసు వేడిగానే చేరింది. పున్నయ్య విస్తరి ముందు కూర్చుని, ఆవిరి చూసి, పాక సంగతి మళ్ళీ ఎత్తలేదు. నరసరావుపేట ఆయనకు ఏం చెప్పి పంపాడో గానీ, ఆయన మళ్ళీ క్యాంపులో కనబడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వసారాలో పెట్టె లేదు. అది ఉన్నచోట నేల మీద తెల్లటి మచ్చ ఉంది. తల్లి దాన్ని బయట పారేసిందనుకుంది ఫిలోమినా. లోపలికి వెళ్ళి చూస్తే, తన చీరలన్నీ దండెం మీద తల్లి చీరల పక్కన వేసి ఉన్నాయి. వంటింట్లో పాపమ్మ రేకుపెట్టె మూత తెరిచి, ఎండుమిరపకాయలు ఒకవైపు, ఉల్లిపాయలు ఒకవైపు సర్దుతోంది.

"గంపలో పోస్తే దారంతా దొర్లిపోతన్నాయని మణెమ్మ చెప్పింది," అంది తల ఎత్తకుండా. "దీనికి తాళం కూడా ఉంది."

ఫిలోమినా గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. బంగళాలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. పాపమ్మ మిరపకాయల చేతులతో కూతుర్ని ముట్టుకోకుండా పక్కనే కూర్చుంది.

సకల పునీతుల పండగ, కొత్త రాష్ట్రం ఒకే రోజు వచ్చాయి. గుళ్ళో పూజ అవుతుంటే బజారు నుంచి బ్యాండు మోగింది. పిల్లలకు పప్పుబెల్లాలు పంచారు. ఇంక ఏటికి అవతలా ఇవతలా ఒకటే. జీపు ముందు ఇంకా ఆ హైదరాబాదు నంబరే ఉంది. దాన్ని పరాయిది అనడానికి ఇప్పుడు ఎవరికీ వీల్లేదు.

"జూసినవా అమ్మా," అన్నాడు ముర్తుజా గుడి బయట జీపు తుడుస్తూ. "ఒక్క వారం ఆగినా నంబరు లొల్లే లేకపోయేది. జరిమానా దండుగ."

"నంబరు గొడవ పోయేదన్నా," అంది ఫిలోమినా. "నేనెక్కడ ఉంటున్నానో ఎవరు చెప్పేవాళ్ళు?"

ముర్తుజా అద్దం తుడవడంలో పడ్డాడు.

గుళ్ళోంచి ఆడవాళ్ళు వస్తున్నారు. ప్రేమమ్మ పాపమ్మ పక్కకు చేరింది. పండగ పండగకూ అడిగే మనిషి, ఈ పండక్కీ అడిగింది. బంగళా సంగతి ఆమె చెవిన పడకుండా ఉండదు. అయినా మర్యాద మర్యాదే.

"ఏం పాపమ్మక్కా, పునీతుల పండక్కి అల్లుడొస్తాడంటివి. వచ్చాడా?"

"వచ్చాడు. తిన్నాడు. పోయాడు."

"మరి ఫిలోమినా ఎప్పుడు పోద్ది?"

పాపమ్మ ఆగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా ఆగారు. ఇంకో పండగ పేరు వస్తుందని వాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. ఎదురుగా క్రిస్మసు ఉండనే ఉంది.

"ఏడకి పోయేది?" అంది పాపమ్మ. "దాని కాపురం ఇక్కడేగా."

అని ముందుకు నడిచి, జీపులో మిరపకాయల పెట్టె పక్కన ఎక్కి కూర్చుంది.